తాళం కొన్నారు సరే, ఏ తలుపుకి?

ప్రశ్న: మేడమ్, ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మామగారు కట్టిన డాబా ఉంది. మా వారి ఉద్యోగం వల్ల మేం విశాఖలో ఉంటున్నాం. నాలుగేళ్ళ కిందట బ్యాంకు లోను పెట్టి పైన మూడు గదులు వేయించి యూనివర్సిటీ పిల్లలకు ఇచ్చాం. గదికి నెలకు 2,500, అడ్వాన్సూ అంతే. కింది వాటాలో ఒక కుటుంబం ఉంది. అద్దె 7,000, అడ్వాన్సు 14,000. మా ఈఎంఐ 10,800. దసరా వెళ్ళాక వచ్చిన గాలివానకి పక్కింటి మామిడిచెట్టు మా మేడమెట్ల రేకుల మీద పడింది. పిట్టగోడ విరిగింది. గదుల్లో స్లాబు కారుతోంది. మేస్త్రీ 68,000 అంటున్నాడు. పిల్లలు ముగ్గురూ ఖాళీ చేసి అడ్వాన్సు ఇమ్మంటున్నారు. కిందాయన పనిచేసే షాపు మూతపడిందట, మూడు నెలలుగా అద్దె లేదు. పైగా బోరు మోటారు కాలిపోతే కొత్తది వేయించానని, ఆ 9,400 అద్దెలో పట్టుకోమంటున్నాడు. అగ్రిమెంటు పదకొండు నెలలకు విశాఖలోనే రాసుకున్నాం, అది అయిపోయి రెండేళ్ళయింది. మా మరిది 'కరెంటు పీకేసి, బయటికెళ్ళినప్పుడు తాళం వేసేస్తే వాళ్ళే దారికొస్తారు' అంటున్నాడు. తాళం కూడా కొనేశాడు. ఇంకొకాయన 'ఈ తలనొప్పి మీకెందుకు, ఇల్లు నాకిచ్చేయండి' అని తక్కువకి బేరం పెట్టాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు మీ మరిదిగారికి ఫోన్ చేసి ఆ తాళం సంచిలోనే ఉంచమనండి. మిగతావన్నీ తర్వాత నిదానంగా మాట్లాడుకోవచ్చు.

ఈ మాట నీతి చెప్పడానికి అనడం లేదు, చేతులు కాలి చెబుతున్నాను. మా ఇల్లు బరంపురంలో. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా మేడ మీది నీళ్ళ ట్యాంకు ఎగిరి పక్క వీధిలో పడింది. రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చేసరికి మా కింది వాటా ఆయన రెండు నెలల అద్దె బాకీ. అడిగితే రేపు, ఎల్లుండి అంటాడు. ఒక సాయంత్రం కోపం వచ్చి వాళ్ళ మీటరు దగ్గరికెళ్ళి ఫ్యూజు లాగేసి జేబులో వేసుకొచ్చాను. మర్నాడు సాయంత్రానికి వీధిలో అందరికీ తెలిసింది. వారం తిరక్కుండా వకీలు నోటీసు వచ్చింది, అతని దగ్గర్నుంచి నాకు! బాకీ పడ్డవాడు అతను, సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేను. ఆ తర్వాత అతను ఇంకో ఏడు నెలలు పైసా కట్టకుండా ఉన్నాడు. ఎవరైనా అడిగితే 'కరెంటు పీకిన ఇంటావిడ' అనేవాడు, నా దగ్గర జవాబు ఉండేది కాదు.

చట్టం కూడా ఇక్కడ అద్దెకున్నవాళ్ళ వైపే నిలబడుతుంది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఆరో సెక్షన్ ఉంది. చట్టప్రకారం కాకుండా ఎవరినైనా బలవంతంగా ఇంట్లోంచి బయటకు నెడితే, వాళ్ళు ఆరు నెలల్లోపు కోర్టుకెళ్ళి తిరిగి లోపలికి రావచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఆ కేసులో అడ్డు రాదు. పట్టా మీదే అయినా సరే, తాళం మాత్రం మీరు తీయాల్సిందే. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలోనూ నీళ్ళు, కరెంటు ఆపకూడదని స్పష్టంగా రాశారు. అది రాష్ట్రాలు తీసుకోవాల్సిన నమూనా మాత్రమే అనుకోండి, కానీ గాలి ఎటు వీస్తోందో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు కిందాయన లెక్క చూద్దాం. ఉత్తరం చదువుతుంటే మీరు పెద్దగా మునిగిపోయారనిపించింది. కాగితం మీద వేసి చూస్తే వేరేగా ఉంది. మూడు నెలల బాకీ 21,000. మోటారుకి పెట్టిన 9,400 తీస్తే 11,600. మీ దగ్గర ఉన్న అతని అడ్వాన్సు 14,000. అంటే ఈ రోజుకి అతని డబ్బే మీ దగ్గర 2,400 ఎక్కువ ఉంది. మీరు ఇంకా నష్టపోలేదు. నష్టం వచ్చే నెల నుంచి మొదలవుతుంది. మీ చేతిలో ఉన్న వ్యవధి అంతే, దాన్ని దెబ్బలాటకి ఖర్చుపెట్టకండి.

మోటారు డబ్బు పట్టుకోవచ్చా అని అడగలేదు కానీ, మీ మనసులో ఆ ముల్లు ఉందని తెలుస్తోంది. పట్టుకోవచ్చు. ఇంటివాళ్ళు చేయించాల్సిన రిపేరు, చెప్పినా సకాలంలో చేయించకపోతే, అద్దెకున్నవాళ్ళు చేయించుకుని అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. మోటారు కాలిందని మీకు ముందు చెప్పాడా? ఫోన్‌లో పాత మెసేజీలు వెతకండి. చెప్పి ఉంటే ఆ మెసేజే నోటీసు. చెప్పకపోయినా నేనైతే బిల్లు చూసి ఒప్పేసుకుంటాను. నీళ్ళు లేకుండా పిల్లలతో ఎన్ని రోజులు ఉంటారు? పైగా ఆ మోటారు రేపు మీ బోరులోనే ఉంటుంది, అతని వెంట పోదు కదా. ఒక్క జాగ్రత్త: దుకాణం బిల్లు తీసుకుని, 'ఈ మొత్తం అద్దె కింద జమ' అని మీరే రాసి అతనికి పంపండి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత అదే మోటారు ఇంకోసారి లెక్కలోకి వస్తుంది.

మీ వారిని వెంటబెట్టుకుని ఒక ఆదివారం వెళ్ళండి. మరిదిగారు వద్దు. కూర్చుని టీ తాగి, ఒక్క మాట అడగండి: 'మళ్ళీ జీతం ఎప్పటి నుంచి వస్తుంది?' పని దొరికిందంటే ఆ 11,600ని నాలుగు నెలలకు విడగొట్టండి, అద్దెతో పాటు నెలకు 2,900. దొరకలేదు, దొరికే దారి లేదంటే, ఉండమని బలవంతపెట్టకండి. అతను ఉన్నకొద్దీ బాకీ పెరుగుతుంది, ముఖం చాటేస్తాడు. ఒక తేదీ అనుకుని, ఆ రోజుకి ఖాళీ చేస్తే అడ్వాన్సులో బాకీ పట్టుకుని మిగిలింది చేతిలో పెడతామనండి. ఒకవేళ నడుస్తున్న నెల అద్దె వదులుకోవాల్సి వచ్చినా వదులుకోండి. 7,000 పోతాయి. కోర్టుకెళ్తే వకీలు మొదటి ఫీజే ఆ చుట్టుపక్కల ఉంటుంది, ఆ పైన వాయిదాలకి విశాఖ నుంచి రావాలి. ఏది అనుకున్నా ఆ సాయంత్రమే వాట్సాప్‌లో రాసి, అతని చేత 'సరే' అనిపించుకోండి.

మాట వినకపోతే నోటీసు. అగ్రిమెంటు గడువు అయిపోయినా మీరు అద్దె తీసుకుంటూ వచ్చారు కాబట్టి అతను ఇప్పుడు నెలనెలా అద్దెదారు కింద లెక్క. అలాంటివాళ్ళకి ఖాళీ చేయమని పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి, రాతపూర్వకంగా. వకీలు చేత రాయించి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే కోర్టే దిక్కు. బాకీ అద్దె కోసం దావా వేయడానికి మూడేళ్ళ గడువు ఉంటుంది కాబట్టి, ఆ డబ్బు రేపే పోతుందన్న కంగారు అక్కర్లేదు.

కోర్టు అన్నాక మీ కాగితం సంగతి చెప్పాలి. సరిహద్దులో ఆస్తి ఉన్నవాళ్ళందరూ చేసే పొరపాటే మీరూ చేశారు. ఇల్లు ఒడిశాలో, అగ్రిమెంటు విశాఖలో కొన్న ఆంధ్రా స్టాంపు పేపరు మీద! సరిహద్దుకి ఆంధ్రా వైపు పాతపట్నంలో ఉన్నవాళ్ళూ ఇదే చేస్తారు, ఆటోలో వెళ్ళొచ్చే దూరమే కదా అని. మనకి ఆ గీత కనిపించదు. సంతలో ఒక చెవికి తెలుగు, ఒక చెవికి ఒడియా వినబడుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఇటూ అటూ మద్రాసు కిందే ఉండేవి. కానీ స్టాంపులకి ఆ గీత బాగా కనిపిస్తుంది. ఒడిశాలో ఉన్న ఇంటికి ఒడిశా స్టాంపు డ్యూటీ ఉండాలి, కేసు ఒడిశా కోర్టులో నడుస్తుంది, రిజిస్ట్రేషన్ కావాలన్నా ఇల్లున్న చోటి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే. డ్యూటీ తక్కువైన కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. తీసుకోవాలంటే తక్కువైన డబ్బుతో పాటు పది రెట్ల దాకా జరిమానా పడొచ్చు. అద్దె కాగితాల మీద ఆ మొత్తం చిన్నదే కావచ్చు, ఆ తిరుగుడు మాత్రం చిన్నది కాదు. కాబట్టి కిందాయన ఉంటానంటే కొత్త అగ్రిమెంటు పర్లాకిమిడిలోనే, అక్కడి స్టాంపు మీదే రాసుకోండి. తెలుగులో రాస్తే కోర్టుకి అనువాదం జత చేయాల్సి వస్తుంది, అందుకని ఇంగ్లీషులో రాయించి అతనికి తెలుగులో చదివి వినిపించండి. ఏడాదికి మించి ఇస్తే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందరూ పదకొండు నెలలు రాసుకునేది అందుకే. అయితే పన్నెండో నెలలో దాన్ని తిరగరాయాలన్న సంగతి మాత్రం అందరం మర్చిపోతాం.

ఇంకో మాట. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టింది ఆ పర్లాకిమిడిలో ఉన్నప్పుడే. ఆ ఊళ్ళో కూడా అద్దె కాగితం తీస్తే 'సదరు ఆసామీ సదరు గృహమును' అని మొదలవుతుంది! మీరు మామూలు మాటల్లో రాయించండి. మోటారు చెడితే ఎవరు చేయించాలి, ఎంత లోపైతే వాళ్ళే చేయించుకుని చెప్పొచ్చు, తుఫానుకి ఇల్లు పాడైతే ఆ రోజుల అద్దె ఉంటుందా లేదా, మీటరు బిల్లు ఎవరి పేరున ఎవరు కట్టాలి. ఈ నాలుగూ ఉంటే చాలు. మీ పాత కాగితంలో ఇవి ఒక్కటీ ఉండవని పందెం కాస్తాను.

పై గదుల పిల్లల సంగతికి రెండు ముక్కలు చాలు. మెట్ల మీద రేకులు విరిగి, గదిలో నీళ్ళు కారుతుంటే వెళ్ళిపోయారు, తప్పేముంది? 7,500 ఇచ్చేయండి. ఈ వారమే. ఫలానా ఇంట్లో అడ్వాన్సు ఇవ్వరంట అన్న మాట వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్కసారి పడితే, వచ్చే జూన్‌లో మీరు గోడకి సున్నం వేయించి కూర్చోవడమే.

ఇక రిపేరు డబ్బు. ఇక్కడే మీకు కలిసొచ్చే దారి ఒకటి ఉండొచ్చు, మీరు చూడలేదు. లోను తీసుకున్నప్పుడు బ్యాంకులో 'ఇన్సూరెన్స్' అని ఏదైనా కోశారా? చాలామందికి కోస్తారు. అది ఏ ఇన్సూరెన్సో అడగరు. కొన్నిసార్లు అది మీ వారి ప్రాణానికి సంబంధించినది, ఆయనకేమన్నా అయితే లోను తీరడానికి. కొన్నిసార్లు ఇంటికి చేసినది. రెండూ వేరు. రేపే బ్రాంచికి వెళ్ళి పాలసీ కాపీ అడగండి. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్ళకి 'భారత్ గృహ రక్ష' అని అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే రకం పాలసీ ఇస్తున్నాయి. అందులో తుఫాను, గాలివాన, వరద ఉన్నాయి. చెట్టు పడి దెబ్బతిన్నా వర్తిస్తుంది. ఆ దెబ్బకి ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే, పోయిన అద్దెకి కూడా అందులో చోటుంది. మీ పై గదులకి అది సరిగ్గా సరిపోయేలా ఉంది.

ఇన్నాళ్ళయ్యాక అడిగితే ఇస్తారా అంటారేమో. ఆలస్యం మంచిది కాదు, నిజమే. కానీ క్లెయిము నిజమైనదైతే ఆలస్యం ఒక్కటే సాకుగా చూపి కొట్టేయవద్దని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు చెప్పింది. ఎందుకు ఆలస్యమైందో రాసి, ఫొటోలు, మేస్త్రీ ఎస్టిమేటు, పిల్లల అద్దె రసీదులు జతచేసి పెట్టండి. బీమా కంపెనీ సర్వేయరు వచ్చి చూసేదాకా పిట్టగోడ కట్టించకండి, విరిగిన రేకులు పాతసామాన్ల వాడికి అమ్మేయకండి. కారుతున్న చోట టార్పాలిన్ కప్పించడం వరకూ చేయొచ్చు, చేయాలి కూడా. ఇంకా పాడవకుండా చూసుకోవడం మన వంతు. ఆ ఖర్చుకీ రసీదు ఉంచుకోండి. ఎవరి ఫోన్‌లోనైనా చెట్టు పడిన మర్నాటి ఫొటో తప్పకుండా ఉంటుంది, ఆ పిల్లల్నే అడగండి. అడ్వాన్సు ఇచ్చాక అడగండి.

పక్కింటివాళ్ళ మీద మీకు కోపం ఉన్నట్టుంది. 'చెట్టు వాలుతోంది, కొట్టించండి' అని ముందెప్పుడైనా రాసి ఇచ్చి ఉంటే వాళ్ళని ఖర్చు అడగడానికి కొంత బలం ఉంటుంది. లేకపోతే గాలికి పడిన చెట్టుకి వాళ్ళని బాధ్యుల్ని చేయడం కష్టం. మిగిలిన కొమ్మలు మీ డాబా వైపుకి రాకుండా కొట్టించమని మాత్రం ఇప్పుడే అడగండి, ఈసారి కాగితం మీద.

బీమా లేదని తేలితే 68,000 మీ జేబులోంచే. అప్పుడు అంతా ఒకేసారి చేయించకండి. ముందు స్లాబు కారడం, తర్వాత మెట్ల రేకులు, పిట్టగోడ చివరికి. గోడ అయ్యేదాకా పైకి ఎవర్నీ ఎక్కనివ్వకండి, పసిపిల్లలు ఉన్నవాళ్ళకి గది చూపించకండి. ఇంకొక మేస్త్రీ చేత కూడా లెక్క వేయించండి. తుఫాను వెళ్ళిన నెలలో మేస్త్రీల రేట్లూ తుఫాను రేట్లే.

ఇప్పుడు నన్ను నిజంగా తొలిచిన విషయానికొస్తాను. చెట్టు పడకముందు కూడా మీ ఇల్లు కుంటుతూనే ఉంది, మీకు తెలియలేదంతే. కింద 7,000, పైన 7,500, నెలకు 14,500. ఈఎంఐ 10,800 పోను 3,700 మిగులుతున్నాయని అనుకుని ఉంటారు. అయితే విద్యార్థుల గదులు ఏడాదికి పన్నెండు నెలలు నిండవు. సెలవులుంటాయి, మధ్యలో ఒకడు వెళ్ళిపోతాడు. నేను ఎప్పుడూ పది నెలల అద్దెతోనే లెక్క వేస్తాను. పది నెలలకు 1,45,000. ఈఎంఐ ఏడాదికి 1,29,600. మిగిలేది 15,400. అందులోంచి మునిసిపాలిటీ పన్ను, సున్నం, మోటారు, విశాఖ నుంచి రాకపోకలు. ఇక తుఫానుకి ఏం మిగిల్చారు?

ఈ గాలివాన అనుకోకుండా వచ్చిందని అనుకుంటున్నారేమో. అమ్మా, తేదీలు చూడండి. 1999 అక్టోబరు 17న గోపాలపూర్ దగ్గర ఒక తుఫాను, అదే నెల 29న ఒడిశా తీరంలో సూపర్ సైక్లోన్. 2013 అక్టోబరు 12న ఫైలిన్. 2014లో అదే అక్టోబరు 12న మీ విశాఖలోనే హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, పర్లాకిమిడిని, గజపతి జిల్లా మొత్తాన్ని ఎలా ఊపేసిందో మీ మామగారి కాలంవాళ్ళని అడగండి. 2021లో కొంచెం తొందరపడి సెప్టెంబరు 26నే గులాబ్ వచ్చింది. మనవైపు దసరాకి పిండివంటలెంతో ఇదీ అంతే. ఏ ఏడు వస్తుందో తెలియదు, ఏ నెలలో వస్తుందో మాత్రం తెలుసు. అందుకని ఆగస్టులోనే మేడెక్కి చూసుకోవాలి. తూములు శుభ్రం చేయించి, రేకుల హుక్కులు బిగించి, ట్యాంకుకి తాడు కట్టించి, కొమ్మలు కొట్టించాలి. మా ట్యాంకుకి ఇప్పుడు రెండు ఇనప పట్టీలున్నాయి. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

డబ్బు వైపు నుంచి రెండు పనులు చేయండి. బ్యాంకుకి వెళ్ళినప్పుడే ఈఎంఐ కాలం పెంచి నెల వాయిదా తగ్గించడానికి వీలుందేమో అడగండి. వాయిదా తప్పకముందు అడిగితే ఒకలా మాట్లాడతారు, తప్పాక అడిగితే ఇంకోలా. రెండోది, ఇల్లు మళ్ళీ నిండాక నెలకు కనీసం వెయ్యి వేరే ఖాతాలో వేయండి, అది ఇంటి సొమ్ము. పండగ చీరకి తీయకూడదు. ఇక ఆదాయపు పన్ను. అద్దె మీద మునిసిపల్ పన్ను పోను మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కింద ఎలాగూ మినహాయిస్తారు, మీరు ఎంత ఖర్చుపెట్టారన్నది అడగరు. వసూలు కాని అద్దెని కొన్ని షరతుల మీద లెక్కలోంచి తీసేయొచ్చు, దానికి కిందాయనతో నడిచిన ఉత్తరాలు అవసరమవుతాయి. మీ ఆడిటరుకి చూపించండి.

ఇక ఆ కొంటానన్నాయన. రేకులు విరిగి, గదులు ఖాళీగా ఉండి, కింద బాకీ ఉన్న ఇంటిని చూసి ఆయన ధర చెప్పాడు. పై గదులు నిండాక అదే ఇల్లు చూపించి మళ్ళీ అడగండి, వింటారు. అమ్మకూడదని నేననను. విశాఖలో ఉంటూ పర్లాకిమిడి ఇల్లు చూసుకోవడం అందరికీ కుదరదు, నాలుగు నెలలయ్యాక కూడా అమ్మాలనే అనిపిస్తే అమ్మండి. కానీ ఇప్పుడు కాదు. ఈలోగా ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ సైట్లో పట్టా ఎవరి పేరున ఉందో తీసి చూడండి. 'మామగారు కట్టిన డాబా' అన్నారు. మీ వారికి లోను వచ్చిందంటే మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, అయ్యే ఉండాలి, అయినా మరిదిగారి పేరు కూడా అందులో ఉందేమో చూసుకోవాలి. ఉంటే ఆయన సంతకం లేకుండా ఇల్లంతా అమ్మలేరు, కిందాయనకిచ్చే నోటీసు మీద కూడా ఇద్దరి పేర్లూ ఉండటం మంచిది. అప్పుడు ఇంట్లో మొదట మాట్లాడుకోవాల్సింది అన్నదమ్ములిద్దరూ.

మరిదిగారు కొన్న తాళం వృథా పోదులెండి. పైన మూడు గదులు ఖాళీగా ఉన్నాయి, మెట్లకి పైకప్పు లేదు, పిట్టగోడ విరిగి ఉంది. మేస్త్రీ పని అయ్యేదాకా ఆ మెట్ల గేటుకి వేయించండి. తాళంచెవి ఒకటి కిందాయన దగ్గర ఉంచండి, ట్యాంకు చూడటానికి ఎక్కాల్సింది ఆయనే కదా.